ఇంగ్లిష్ క్రియలను తోడుతో సహా నేర్చుకోవడం ఎలా

కోనసీమలోని ఒక లంక గ్రామంలో ఉంటూ డిగ్రీ చదువుకుంటున్న కుర్రవాడు ఒక వరదల కాలంలో నా దగ్గరికి ఒక కాగితం తెచ్చాడు. గోదావరి నీరు చేలోకి వచ్చి పంట మునుగుతున్నందున, తండ్రి తరఫున ఇంగ్లిష్‌లో రాసిన దరఖాస్తు అది. అందులోని నాలుగు వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ ఇస్తున్నాను: ‘ద రివర్ ఈజ్ రైజింగ్ సిన్స్ త్రీ డేస్. ద వాటర్ ఎంటర్డ్ ఇన్‌టు అవర్ ఫీల్డ్. ద బోట్ డిడ్ నాట్ కేమ్ ఎస్టర్డే. ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ అస్ ద ప్రొసీజర్.’

ఈ నాలుగు వాక్యాల్లో అతనికి అర్థం తెలియని మాట ఒక్కటీ లేదు, స్పెల్లింగు తప్పు కూడా లేదు. అయినా నాలుగింటిలోనూ పొరపాటు ఉంది, ఆ పొరపాటు ప్రతిచోటా క్రియకూ దాని పక్కన నిలిచిన మాటకూ మధ్యనే జరిగింది. ఇరవై మాటలకు తెలుగు అర్థాలు బట్టీపట్టి, ఏ మాట దేనితో కలుస్తుందో చూడకుండా వదిలేయడమే దీనికి కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. క్రియను ఒంటరిగా కాక దాని తోడుతో సహా నేర్చుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతాను. ఒక పొడుగాటి నోటుపుస్తకం దగ్గర పెట్టుకొని చదవండి.

పని మొదలుపెట్టే ముందు రెండు భాషల నడక ఎక్కడ వేరవుతుందో గమనించాలి. తెలుగు క్రియ తన సామానంతా తన వెంటే తెచ్చుకుంటుంది. ‘వెళ్ళాడు’ అన్న ఒక్క మాటలో వెళ్ళినది ఎవరో, ఒక్కరో పలువురో, ఎప్పుడో తెలిసిపోతుంది. ‘వెళ్ళనివ్వలేదు’ అంటే అనుమతీ, దాన్ని కాదనడమూ కూడా ఆ మాటలోనే ఇమిడి ఉంటాయి. ఇంగ్లిష్ క్రియకు ఇన్ని తోకలు లేవు. సాధారణంగా దానికి నాలుగైదు రూపాలకు మించి ఉండవు, అన్నిటికన్నా ఎక్కువ రూపాలున్న ‘బి’కి కూడా ఎనిమిదే: బి, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్. రూపాలు తక్కువ కాబట్టి, మన క్రియ తోకలో మోసే బరువును అక్కడ పక్కనున్న చిన్న మాటలు మోస్తాయి. అందుకే ఆ చిన్న మాటలను చులకనగా చూడకూడదు.

మొదటి మెట్టు రూపాలను రాసుకోవడం. ప్రతి క్రియకూ పేజీ తలకట్టున ఐదు రూపాలూ వరుసగా రాయండి: గో, గోజ్, వెంట్, గాన్, గోయింగ్. బడిలో వి వన్, వి టు, వి త్రీ అని మీరు నేర్చుకున్నవి వీటిలో గో, వెంట్, గాన్; ఇకమీదట మొదటి, రెండో, మూడో రూపాలంటే ఇవే. ‘ప్లాంట్’ వంటి క్రమ క్రియలలో రెండో రూపమూ మూడో రూపమూ ఒకటే. ‘పుట్’, ‘కట్’ వంటి వాటిలో ఈ మూడూ ఒకటే. ‘రీడ్’ విషయంలో మూడింటికీ స్పెల్లింగు ఒకటే అయినా రెండు, మూడు రూపాలను ‘రెడ్’ అని పలకాలి. క్రమం తప్పిన క్రియలు వాడుకలో రెండు వందల దాకా ఉంటాయి. వాటిని అక్షరక్రమంలో బట్టీపట్టడం కంటే ఒకదానితో ఒకటి పొరబడే జతలుగా నేర్చుకోవడం మేలు.

అలాంటి జతలకు మన డెల్టాలో కొరత లేదు. నీరు పెరగడం ‘రైజ్, రోజ్, రిజన్’. దాని స్పెల్లింగులో ఆర్ తరువాత ఐ ఉంటుంది. ఒకదాన్ని పైకి ఎత్తడం, పెంచడం ‘రేజ్, రేజ్డ్, రేజ్డ్’. దానిలో ఎ, ఐ రెండూ ఉంటాయి. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి. వరద వచ్చినప్పుడు అక్కడ జరిగేదాన్ని ‘ద వాటర్ రోజ్ అండ్ దే రేజ్డ్ ద గేట్స్’ అని చెప్పాలి. తెలుగులో ‘పెరిగింది’, ‘పెంచారు’ వేర్వేరు క్రియలైనట్టే ఇవి కూడా వేర్వేరు. అలాగే ‘పడు’ అన్నదానికి ‘ఫాల్, ఫెల్, ఫాలెన్’, చెట్టును నరికి పడగొట్టడానికి ‘ఫెల్, ఫెల్డ్, ఫెల్డ్’. 1996 నవంబరు తుపానులో కొబ్బరిచెట్లు కూలిన సంగతి రాసేటప్పుడు ‘ద ట్రీస్ ఫెల్’ అనాలే తప్ప ‘ద ట్రీస్ ఫెల్డ్’ అనకూడదు, ఎందుకంటే ‘ఫెల్డ్’ అన్నది చెట్లను ఎవరో పడగొట్టారని చెప్పేటప్పుడు వస్తుంది. నది పారడం ‘ఫ్లో, ఫ్లోడ్, ఫ్లోడ్’, కొంగ ఎగరడం ‘ఫ్లై, ఫ్లూ, ఫ్లోన్’. ‘ద రివర్ ఫ్లూ’ అని రాస్తే గోదావరి ఆకాశంలో ఎగిరినట్టవుతుంది.

రెండో మెట్టు సహాయక క్రియతో జతపరచడం. ఇక్కడ నియమం చిన్నది, మినహాయింపులు దాదాపు లేనిది, కనుక ఒకేసారి కంఠతా పట్టండి. ‘డు, డజ్, డిడ్’ తరువాతా, ‘కెన్, విల్, షుడ్, మస్ట్’ వంటి వాటి తరువాతా మొదటి రూపమే వస్తుంది. ‘హావ్, హాజ్, హాడ్’ కాలాన్ని తెలిపేటప్పుడు మూడో రూపం వస్తుంది. ‘బి’ కుటుంబం తరువాత పని సాగుతుంటే ‘ఇంగ్’ రూపం, పని ఒకదానిపై జరిగితే మూడో రూపం వస్తాయి: ‘దే ఆర్ బిల్డింగ్ ఎ బ్రిడ్జ్’, ‘ది ఆనికట్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852’ (ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది). భూతకాలాన్ని ‘డిడ్’ ఒకసారి చెప్పేసింది కాబట్టి, పక్కనున్న ‘కమ్’ దాన్ని మళ్ళీ చెప్పనక్కరలేదు. కుర్రవాడి మూడో వాక్యం ‘ద బోట్ డిడ్ నాట్ కమ్ ఎస్టర్డే’ అవుతుంది.

మొదటి వాక్యంలోని తప్పుకు మన ‘నుంచి’ కారణం. ‘మూడు రోజుల నుంచి పెరుగుతోంది’ అన్నప్పుడు తెలుగులో వర్తమాన రూపమే వాడతాము, అందువల్ల ఇంగ్లిష్‌లో కూడా ‘ఈజ్ రైజింగ్’ అని చేయి వెళుతుంది. అయితే నిన్న మొన్న మొదలై నేటికీ సాగే పనికి ఇంగ్లిష్ ‘హాజ్ బీన్ రైజింగ్’ అడుగుతుంది. పైగా ‘నుంచి’ ఒక్కటే చేసే పనిని అక్కడ రెండు మాటలు పంచుకుంటాయి: ఎంతకాలమో చెప్పాలంటే ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే ‘సిన్స్’. ‘ఫర్ త్రీ డేస్’ అనాలి, ‘సిన్స్ మండే’ అనాలి. ‘నాకు రెండెకరాలు ఉంది’ అని చెప్పడానికి ‘ఐ యామ్ హావింగ్ టు ఏకర్స్’ అనడం కూడా ఇక్కడే సరిచేసుకోండి. కలిగి ఉండడం, తెలిసి ఉండడం, ఇష్టపడడం వంటి స్థితులకు సాధారణంగా ‘ఇంగ్’ రూపం వాడరు, కనుక అది ‘ఐ హావ్ టు ఏకర్స్’.

మూడో మెట్టులో క్రియ తరువాత వచ్చే ‘టు, ఫర్, ఆన్, విత్’ వంటి చిన్న మాటలు వస్తాయి. మనం నామవాచకానికి విభక్తి చేరుస్తాము: చేలోకి, నష్టం గురించి, అమలాపురానికి, అతనితో. ఆ విభక్తికి సరిపోయే మాటను ఇంగ్లిష్‌లో వెతికి పెట్టడం మనకు అలవాటు. అక్కడ మాత్రం ఏది రావాలో, అసలు రావాలో వద్దో నిర్ణయించేది క్రియ. ‘ఎంటర్’, ‘రీచ్’, ‘డిస్కస్’, ‘మ్యారీ’, ‘అటెండ్’ అనేవి నేరుగా నామవాచకాన్ని పట్టుకుంటాయి: ‘ద వాటర్ హాజ్ ఎంటర్డ్ అవర్ ఫీల్డ్’, ‘వి రీచ్డ్ అమలాపురం’, ‘వి డిస్కస్డ్ ద లాస్’. ‘అరైవ్’కు మాత్రం రేవు, స్టేషను వంటి చోటైతే ‘ఎట్’, ఊరైతే ‘ఇన్’ కావాలి. ‘లిజన్’కు ‘టు’, ‘వెయిట్’కు ‘ఫర్’, ‘డిపెండ్’కు ‘ఆన్’ తప్పవు.

చదువుకున్నవారు కూడా ‘డిస్కస్ అబౌట్’ అని పొరబడడానికి ఒక కారణం ఉంది. క్రియ నామవాచకంగా మారినప్పుడు ఆ చిన్న మాట తిరిగి వస్తుంది: ‘ఎ డిస్కషన్ అబౌట్ ద లాస్’, ‘ఎ రిక్వెస్ట్ ఫర్ హెల్ప్’. క్రియగా ఉన్నప్పుడు ‘డిస్కస్ ద లాస్’, ‘రిక్వెస్ట్ హెల్ప్’. నోటుపుస్తకంలో ఈ రెండింటినీ ఎదురెదురుగా రాసుకుంటే ఈ తికమక తీరుతుంది.

ఇదే మెట్టులో ‘ఎవరికి’ అన్న ప్రశ్న కూడా తేలాలి. ‘గివ్, సెండ్, షో, టెల్, టీచ్’ అనేవి మనిషిని నేరుగా తమ పక్కన కూర్చోబెట్టుకుంటాయి: ‘టెల్ మి ద ప్రైస్’, ‘షో అస్ ద మ్యాప్’. ‘ఎక్స్‌ప్లెయిన్, సే, డిస్క్రైబ్’ అలా చేయవు. ముందు విషయం వస్తుంది, తరువాత ‘టు’తో మనిషి వస్తాడు. కుర్రవాడి నాలుగో వాక్యం ఈ లెక్కన ‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ ద ప్రొసీజర్ టు అస్’ అవుతుంది.

నాలుగో మెట్టు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: క్రియకూ నామవాచకానికీ ఉన్న స్నేహం. మన ‘కట్టు’ను ఒకసారి దగ్గరగా చూడండి. ఇల్లు కడతాము, ఆనకట్ట కడతాము, పడవను రేవులో కడతాము, పన్ను కడతాము, చీర కడతాము. దాళ్వా పంట అయ్యాక వేసవిలో కాలువలు కట్టేశారని అంటాము. తెలుగులో ఇన్ని పనులకూ ఒకే క్రియ; ఇంగ్లిష్‌లో వరుసగా ‘బిల్డ్ ఎ హౌస్’, ‘బిల్డ్ యాన్ ఆనికట్’, ‘టై ఎ బోట్’, ‘పే ఎ ట్యాక్స్’, ‘వేర్ ఎ శారీ’, ‘క్లోజ్ ద కెనాల్స్’. ‘వేయు’ ఇంకా విస్తారమైనది: ఓటు వేయడం, వల వేయడం రెండూ ‘కాస్ట్’ కాగా, బొమ్మ వేయడం ‘డ్రా’, ప్రశ్న వేయడం ‘ఆస్క్’, లైటు వేయడం ‘టర్న్ ఆన్’, తలుపు వేయడం ‘షట్’. ‘ఆనికట్’ అన్న ఇంగ్లిష్ మాట తమిళ ‘అణైక్కట్టు’ నుంచి వెళ్ళిందనీ, మన ‘ఆనకట్ట’కు అది దగ్గర చుట్టమనీ, అందులోని ‘కట్’ మన ‘కట్టు’ వంటిదేననీ చెప్పినప్పుడు పిల్లల కళ్ళు మెరవడం నేను చాలాసార్లు చూశాను.

దీన్నిబట్టి ‘కట్టు అంటే ఏమిటి’ అని నిఘంటువులో వెతకడం చాలదని తెలుస్తుంది. ‘పన్నుతో ఏ క్రియ వస్తుంది’ అని అడగాలి, అంటే వెతుకులాట నామవాచకం వైపు నుంచి మొదలుకావాలి. ముఖ్యంగా మన ‘చేయు’ దగ్గర ఈ పద్ధతి ఎంతో ఉపయోగిస్తుంది, ఎందుకంటే దానికి ఎదురుగా ‘డు’, ‘మేక్’, ‘టేక్’, ‘హావ్’ అని నలుగురు నిలబడి ఉంటారు. హోంవర్కు చేయడం ‘డు’. తప్పు చేయడం, ఫోను చేయడం, చప్పుడు చేయడం ‘మేక్’: ‘మేక్ ఎ మిస్టేక్’, ‘మేక్ ఎ కాల్’, ‘మేక్ ఎ నాయిస్’. స్నానం చేయడం ‘టేక్ ఎ బాత్’ లేదా ‘హావ్ ఎ బాత్’, మధ్యాహ్న భోజనం చేయడం ‘హావ్ లంచ్’. కొత్తగా ఏదైనా తయారైతే ‘మేక్’, పని జరిగితే ‘డు’ అని చెప్పే సూత్రం కొంతవరకే నడుస్తుంది. మిగిలినదంతా జతగా విని, జతగా పలికి, జతగా రాయవలసిందే.

ఐదో మెట్టులో ఒక క్రియ తరువాత ఇంకొక క్రియ వస్తే దాని రూపం ఏమిటో చూడాలి. ఇక్కడ తెలుగు మనకు చేయందిస్తుంది. తెలుగులో ‘-డం’ వచ్చేచోట చాలావరకు ‘ఇంగ్’ వస్తుంది: చదవడం పూర్తిచేశాడు ‘ఫినిష్డ్ రీడింగ్’, చదవడం మానేశాడు ‘స్టాప్డ్ రీడింగ్’. ‘-ఆలని’ గాని ‘-డానికి’ గాని వచ్చేచోట చాలావరకు ‘టు’ వస్తుంది: వెళ్ళాలని నిర్ణయించుకున్నాడు ‘డిసైడెడ్ టు గో’, రావడానికి ఒప్పుకున్నాడు ‘అగ్రీడ్ టు కమ్’. రావులపాలెంలో అరటిగెలలు కొనేవాళ్ళ మాటగా రెండు వాక్యాలు చూడండి. ‘వి స్టాప్డ్ బయింగ్ బనానాస్’ అంటే కొనడం ఆపేశాము. ‘వి స్టాప్డ్ టు బై బనానాస్’ అంటే కొనడానికి ఆగాము. తెలుగు తోకలను వినగలిగితే ఇక్కడ పొరబడే అవకాశమే లేదు.

ఈ సూత్రం తప్పే చోట్లను వేరే సిరాతో రాసుకోండి. ‘ఈత కొట్టడం నేర్చుకున్నాడు’ అన్నది ‘లర్న్డ్ టు స్విమ్’ అవుతుంది. ‘వెళ్ళాలని సూచించాడు’ అన్నది ‘సజెస్టెడ్ గోయింగ్’ అవుతుంది. ఉత్తరాల చివర రాసే ‘లుక్ ఫార్వర్డ్ టు’ తరువాత ‘హియరింగ్’ వస్తుంది గాని ‘హియర్’ రాదు, ఎందుకంటే ఆ ‘టు’ ‘వెయిట్ ఫర్’లోని ‘ఫర్’ వంటి చిన్న మాట. ‘లెట్’, ‘మేక్’ అనేవి మనిషి తరువాత వట్టి మొదటి రూపాన్నే కోరుతాయి: ‘లెట్ హిమ్ గో’.

ఆరో మెట్టు పిల్లలను ఎక్కువగా భయపెడుతుంది గాని మనకు పరాయిది కాదు. ‘డ్రై అప్’, ‘గో అవుట్’, ‘వాష్ అవే’ వంటి జంటలను చూసి, ఆ ‘అప్’, ‘అవుట్’ ఎందుకు వచ్చాయని అడుగుతారు. మనం ‘ఎండింది’ అనకుండా ‘ఎండిపోయింది’ అని ఎందుకంటామో ఆలోచించండి. ఆ ‘పోవు’కు అక్కడ వెళ్ళడమనే అర్థం లేదు, పని పూర్తిగా జరిగిందనీ, వెనక్కి రాదనీ చెప్పడానికే అది వచ్చింది. తెలుగు ఆ పనికి ‘పోవు, వేయు, పెట్టు, కొను’ అనే క్రియలను చేరుస్తుంది, ఇంగ్లిష్ ‘అప్, అవుట్, ఆఫ్, డౌన్, అవే’ అనే మాటలను చేరుస్తుంది. కాలువ ఎండిపోయింది ‘ద కెనాల్ డ్రైడ్ అప్’. దీపం ఆరిపోయింది ‘ద ల్యాంప్ వెంట్ అవుట్’. గట్టు కొట్టుకుపోయింది ‘ద బండ్ వాజ్ వాష్డ్ అవే’. రాసిపెట్టు ‘రైట్ ఇట్ డౌన్’. పారేయి ‘త్రో ఇట్ అవే’. అన్నీ ఇలా అచ్చంగా కుదరవు, ‘వచ్చేయి’ అన్నదానికి ‘కమ్ అప్’ అనకూడదు. కానీ ఈ పోలిక మనసులో ఉంటే ఆ చిన్న మాటలు అర్థం లేనివిగా తోచవు.

వీటిలో ఒక చిన్న నియమాన్ని మాత్రం జాగ్రత్తగా పాటించాలి. రొయ్యల చెరువు దగ్గర ఏరియేటరు ఆపమని చెప్పడానికి ‘టర్న్ ఆఫ్ ది ఏరియేటర్’ అనవచ్చు, ‘టర్న్ ది ఏరియేటర్ ఆఫ్’ అని కూడా అనవచ్చు. దాని బదులు ‘ఇట్’ వాడితే మధ్యలోనే పెట్టాలి, ‘టర్న్ ఇట్ ఆఫ్’. చెరువును చూసుకోవడం అనే అర్థంలో వచ్చే ‘లుక్ ఆఫ్టర్’ మాత్రం మధ్యలో ఎవరినీ రానివ్వదు: ‘లుక్ ఆఫ్టర్ ఇట్’.

ఏడో మెట్టు మన ‘-ఇంచు’ గురించి. కొబ్బరితోట ఉన్నవారు ‘నిన్న కాయలు దింపించాను’ అంటారు. దాన్ని ‘ఐ ప్లక్డ్ ద కోకోనట్స్’ అని ఇంగ్లిష్‌లో చెబితే చెట్టెక్కినవారు మీరే అవుతారు. పని ఇంకొకరిచేత చేయించినప్పుడు ‘హావ్’, తరువాత వస్తువు, తరువాత మూడో రూపం రావాలి: ‘ఐ హాడ్ ద కోకోనట్స్ ప్లక్డ్’. బండి బాగుచేయించాను ‘ఐ హాడ్ మై బైక్ రిపేర్డ్’. జుట్టు కత్తిరించుకున్నాను అన్నప్పుడు తెలుగులో ‘-ఇంచు’ చేయించడాన్ని చెప్పకపోయినా కత్తెర పట్టినది వేరొకరే కాబట్టి ‘ఐ హాడ్ మై హెయిర్ కట్’. వస్తువుకు బదులు మనిషిని చెప్పదలిస్తే ‘హావ్’ తరువాత మొదటి రూపం, ‘గెట్’ తరువాత ‘టు’ వస్తాయి: ‘ఐ హాడ్ హిమ్ ప్లక్ దెమ్’, ‘ఐ గాట్ హిమ్ టు ప్లక్ దెమ్’. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళే మన ప్రాంతపు వాళ్ళకు ఈ మెట్టు ఎంతో అవసరం, ఎందుకంటే పని తాను చేశానని చెప్పడానికీ, చేయించానని చెప్పడానికీ అక్కడ చాలా తేడా ఉంటుంది.

చివరి మెట్టు నోటుపుస్తకం నడపడం. ఒక్కో క్రియకు ఒక్కో పేజీ ఇవ్వండి. నా దగ్గరున్న ‘టేక్’ పేజీ ఇలా ఉంది: తలకట్టున ఎర్ర సిరాతో టేక్, టేక్స్, టుక్, టేకన్, టేకింగ్, దాని కింద ఎడమవైపు నామవాచకాలు, అంటే బాత్, ఫోటో, రిస్క్, కేర్, మెడిసిన్, కుడివైపు చిన్న మాటలు, అంటే విమానం లేచినా చెప్పులు విడిచినా ‘ఆఫ్’, తండ్రి పోలిక వస్తే ‘ఆఫ్టర్’, వ్యాపారాన్ని చేతిలోకి తీసుకుంటే ‘ఓవర్’, అడుగున నా ఇంటికీ ఊరికీ సంబంధించిన మూడు పూర్తి వాక్యాలు. తెలుగు అర్థాన్ని విడి మాటకు ఎక్కడా రాయలేదు, జతకే రాశాను. విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లిష్ నిఘంటువు ఒకటి తెచ్చుకొని, అర్థం కంటే ముందు అందులోని ఉదాహరణ వాక్యాలను చదివితే పేజీ నింపడం కష్టం కాదు.

వారానికొకసారి కుడి ఎడమ రెండు వరుసలనూ చేత్తో మూసి, తలకట్టు మాత్రమే చూస్తూ జతలను పైకి చెప్పండి. గుర్తురాని జతతో ఆరోజే ఒక కొత్త వాక్యం రాయండి. ఆకుమడి గురించో, పంటు కోసం రేవులో ఎదురుచూడడం గురించో, మీరు నిజంగా చెప్పదలచినదే రాయండి. ఆ కుర్రవాడు తన నాలుగు వాక్యాలను ఇలాగే తిరగరాశాడు: ‘ద రివర్ హాజ్ బీన్ రైజింగ్ ఫర్ త్రీ డేస్. ద వాటర్ హాజ్ ఎంటర్డ్ అవర్ ఫీల్డ్. ద బోట్ డిడ్ నాట్ కమ్ ఎస్టర్డే. ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ ద ప్రొసీజర్ టు అస్.’

మొదటి నెలలో పది క్రియలు చాలు: టేక్, మేక్, డు, హావ్, గివ్, గో, కమ్, పుట్, టర్న్, గెట్. వీటిలో ‘గెట్’కు మాత్రం మొదటిరోజే రెండు పేజీలు వదలండి.